గోమార్ల జ్వరం: ప్లేట్‌లెట్లు 38 వేలు, అన్నం ముట్టట్లేదు. బొప్పాయి ఆకు రసం పట్టించొచ్చా?

బెజవాడ_బుజ్జమ్మ
వీధిలోంచి తెచ్చుకున్న ఆడకుక్క, నాటుదే. రెండేళ్లుంటాయి, బరువు 14 కిలోలు. ఇంటికొచ్చి ఆరు వారాలు. మూడు రోజుల్నుంచి తిండి మానేసింది, జ్వరం 104. నిన్న తుమ్మితే ముక్కులోంచి రక్తం చుక్కలు పడ్డాయి. పొట్ట కింద సూదితో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలున్నాయి. ప్లేట్‌లెట్లు 38 వేలు, హిమోగ్లోబిన్ 9. కిట్ టెస్టులో ఎర్లీకియా (గోమార్లు అంటించే బాక్టీరియా) పాజిటివ్. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు రాశారు. చెవుల్లో, వేళ్ల సందుల్లో గోమార్లు (రక్తం పీల్చే పురుగులు) ఏరేకొద్దీ పుడుతున్నాయి.

అందరూ బొప్పాయి ఆకు రసం పట్టించమంటున్నారు, పనిచేస్తుందా? మాత్రని పెరుగన్నంలో కలిపి పెడుతున్నాను, కక్కేస్తోంది. ఇంకోటి, వచ్చే వారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కి డేట్ తీసుకున్నాం. చేయించేయొచ్చా?

కారప్పూస
చివరి ప్రశ్నకి ముందు జవాబు. ఆపరేషన్ వద్దు, ఇవాళే ఫోన్ చేసి రద్దు చేయండి. 38 వేలతో కడుపు కోస్తే రక్తం గడ్డకట్టదు. 28 రోజుల కోర్సు అయ్యాక, ప్లేట్‌లెట్లు మామూలుకి, అంటే సుమారు 2 లక్షల పైకి వచ్చి నిలబడ్డాక చూసుకోవచ్చు.

స్లైడ్_బాబాయ్
పెరుగన్నంలో డాక్సీ పెట్టడం కొంత మందుని చెత్తబుట్టలో వేయడమే. పాలు, పెరుగు, క్యాల్షియం టానిక్కు, ఐరన్ సిరప్పు, ఇవన్నీ పేగులో డాక్సీని పట్టేసుకుని ఒంటికి పూర్తిగా పట్టనివ్వవు. మాత్రకి అటూ ఇటూ రెండు గంటలు వీటిని దగ్గరకి రానివ్వకండి.

కొలత: కిలోకి రోజుకి 10 మి.గ్రా. 14 కిలోలకి 140. మన దగ్గర దొరికేది 100 మాత్ర కాబట్టి రోజుకి ఒకసారి ఒకటిన్నర, లేదంటే ముప్పావు చొప్పున రెండుసార్లు. కక్కేవాటికి రెండోదే మేలు. ఖాళీ కడుపున వేయకూడదు. సగం తిండి పెట్టి, మాత్ర వేసి, మిగతా సగం పెట్టాలి. ఆ వెంటనే సిరంజితో (సూది తీసేసి) 5–10 మి.లీ. నీళ్లు బుగ్గ పక్కనుంచి పట్టించాలి. ఎండు మాత్ర గొంతులో ఇరుక్కుంటే అన్నవాహికలో పుండు పడుతుంది. అప్పుడు నిజంగానే తిండి మానేస్తుంది, మనం జ్వరం తగ్గలేదనుకుంటాం.

అసలేమీ తినకపోతే వాంతికి మందు అడగండి. మారోపిటెంట్ సూదైతే కిలోకి 1 మి.గ్రా., మాత్రైతే కిలోకి 2 మి.గ్రా., రోజుకి ఒకసారి, డాక్సీకి గంట ముందు. అది పనిచేస్తే సాయంత్రానికి గిన్నె దగ్గరికి వస్తుంది.

ఆకుపసరు
బొప్పాయిని అందరూ కలిసి కొట్టిపారేయకండి ముందే. డెంగీలో మనుషులకి డాక్టర్లే బిళ్లలు రాస్తున్నారు కదా. 5 మి.లీ. రసంతో పోయేదేముంది?

స్లైడ్_బాబాయ్
@ఆకుపసరు పోయేది తిండి. ఆ చేదుకి వాంతి చేసుకుంటే రసంతోపాటు మాత్ర కూడా బయటికొస్తుంది. ఎర్లీకియా అనేది తెల్లరక్తకణాల లోపల కాపురం పెట్టే బాక్టీరియా. ప్లేట్‌లెట్లు తగ్గేది ఎముక మజ్జలో తయారీ ఆగిపోయి కాదు, కనీసం తొలి దశలో కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే వాటిని చంపేస్తుంది, ప్లీహం ఇంకొన్నిటిని బంధిస్తుంది. లోపలి బాక్టీరియా చావనంతకాలం ఎన్ని తయారైనా అంతే సంగతులు. డాక్సీ మొదలెట్టాక వారం రెండు వారాల్లో ప్లేట్‌లెట్లు వాటంతట అవే లేస్తాయి. ఆ వారమే రసం కూడా పోసుంటారు కాబట్టి పేరు రసానికి పోతుంది.

కారప్పూస
కోడి కూసింది కాబట్టే తెల్లారింది అన్నట్టు 😄

ఆకుపసరు
సరే, డాక్సీ మానేసి రసం పొయ్యమని నేను అనలేదు. అదొక్కటి రాసుకోండి.

రాజేంద్రనగర్_రాజన్న
అక్కా, హిమోగ్లోబిన్ 9 అంటే నాకు అనుమానం కొడుతోంది. మూడు రోజుల ఎర్లీకియాకే మామూలుగ అంత పడదు. మూత్రం ఏ రంగుల వస్తోందో తెల్ల గుడ్డ మీద పట్టి చూడు. టీ డికాక్షన్ లెక్క ఉంటే బాబీసియా కూడా ఉండొచ్చు. అది ఎర్ర కణాల్లోకి దూరి పగలగొట్టే పురుగు. ఒకే గోమారి జాతి రెండింటినీ అంటిస్తది. మీరు చేయించిన కిట్టు బాబీసియాను చూపియ్యదు, ఆ కిట్టుల దానికి గీతే లేదు.

చెవి చివర చిన్నగ గుచ్చి తీసిన రక్తంతో స్లైడ్ చేయించు. కాలి నరం రక్తం కన్నా చెవి అంచు సన్న నాళాల రక్తంల పురుగు ఎక్కువ దొరుకుతది. గన్నవరం వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే కద, అక్కడ చూస్తరు. స్లైడుల కనపడకున్నా అనుమానం తీరకుంటే పీసీఆర్ (పురుగు జన్యువుని పట్టే రక్త పరీక్ష).

స్లైడ్_బాబాయ్
రాజన్న చెప్పింది నూటికి నూరు. ఆ స్లైడులోనే ఇంకో పని కూడా అవుతుంది. యంత్రం 38 వేలు అన్నంత మాత్రాన 38 వేలే అని కాదు. రక్తం తీసేటప్పుడు ఆలస్యమైతే ప్లేట్‌లెట్లు ముద్దలు కడతాయి, యంత్రం వాటిని లెక్కపెట్టదు. స్లైడులో మైక్రోస్కోపు నూనె లెన్స్ కింద ఒక్కో ఫీల్డులో (ఒకసారికి కనబడే వలయంలో) సగటున ఎన్ని కనబడితే అన్ని పదిహేను వేలు. రెండు మూడు కనిపిస్తే 30–45 వేలు, లెక్క సరిపోయినట్టే. స్లైడ్ తోక దగ్గర ముద్దలు కనబడితే అంకె నమ్మక్కర్లేదు. మీ కుక్కకి ముక్కులోంచి రక్తమే వస్తోంది కాబట్టి నమ్మాల్సిందే.

రక్తం తీసేవాళ్లకి ముందే చెప్పండి. మెడ నరంలో వద్దు, కాలి నరంలోనే తీసి ఐదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోమనండి. కండకి సూది మందులు వీలైనంత తప్పించాలి, లోపల రక్తం గడ్డ కట్టి వాస్తుంది.

సీమ_సుబ్బులు
మెడకు బెల్టు తీసేయండి, ఛాతీకి కట్టే పట్టీ వేయండి. లాగినప్పుడు మెడ మీద ఒత్తిడి పడి కళ్లలో, ముక్కులో రక్తం చిమ్ముతుంది. ఎముకలు కొరకనీకండి, చిగుళ్ల నుంచి కారేది ఆగదు. ముక్కులోంచి రక్తం కారితే తల పైకెత్తొద్దు, దూది కుక్కొద్దు. చీకటి గదిలో పడుకోబెట్టి గుడ్డలో చుట్టిన ఐసు ముక్కు పైభాగాన పెట్టండి.

పేడ తారు మాదిరి నల్లగా పోయినా, చిగుళ్లు కాగితంలా తెల్లబడినా, కళ్లు ఎర్రబడి గోడకు గుద్దుకుంటున్నా తెల్లారే దాకా చూడకూడదు. రాత్రే పోవాల.

మూడు_పిల్లులు
జ్వరానికని ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఏదీ వేయకండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఉన్న ఆ కాసిని ప్లేట్‌లెట్ల పనిని కూడా చెడగొడతాయి. పారాసెటమాల్ పిల్లికైతే ఒక్క మాత్రే ప్రాణాంతకం. కుక్కకి మామూలు వేడి 101 నుంచి 102.5, మనిషి లెక్కతో కంగారు పడొద్దు. 104 ఉంటే పాదాలు, చంకలు తడి గుడ్డతో తుడిచి ఫ్యాన్ కింద ఉంచండి.

బెజవాడ_బుజ్జమ్మ
పెరుగు ఆపేశాను. మూత్రం ముదురు పసుపు, డికాక్షన్ రంగు కాదు. స్లైడ్ రేపు. మరి పెరుగన్నం కాకపోతే ఏం పెట్టాలి? అది తప్ప ఇంకోటి వాసన కూడా చూడదు.

కుండబిర్యానీ
ఒట్టి పెరుగన్నం ఆరోగ్యంగా ఉన్న కుక్కకే చాలదు, ప్రోటీన్ తక్కువ. ఇప్పుడు లెక్క చూద్దాం. విశ్రాంతిలో ఉన్న కుక్కకి కావలసిన శక్తి, బరువుకి 0.75 ఘాతం కట్టి 70తో గుణించాలి. 14 కిలోలకి దాదాపు 507 కేలరీలు. ఎముక, తోలు లేని ఉడికిన కోడి రొమ్ము మాంసం 150 గ్రాములు (250 కేలరీలు), మెత్తగా ఉడికిన అన్నం 150 గ్రాములు (195), ఉడికించిన గుడ్డు ఒకటి (70). 515 వచ్చింది, చాలు. ఇది రోజు మొత్తానికి, నాలుగైదు సార్లుగా. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఏవీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర కణాలని పగలగొడతాయి, ఇప్పుడు ఆ ఖర్చు మనం భరించలేం.

మొదటి రోజే మొత్తం పెట్టకండి. మూడు రోజులు పస్తున్న పేగు కదా, మొదటి రోజు మూడో వంతు, రెండో రోజు మూడింట రెండొంతులు, మూడో రోజు పూర్తిగా. గోరువెచ్చగా పెట్టండి, వేడికి వాసన లేస్తుంది. ముక్కు మూసుకుపోయిన కుక్క వాసన తెలియకే తినదు. కాబట్టి ముక్కు చుట్టూ ఎండిన రక్తం తడి దూదితో మెత్తగా తుడిచాకే గిన్నె పెట్టండి. ఇవి మంచమెక్కిన నాలుగు రోజులకి, తర్వాత ఇదే తిండి నెలలకొద్దీ పెడితే క్యాల్షియం లోటు పడుతుంది.

గోదారి_గట్టు
కాలేయం పెడితే రక్తం పడుతుందంటారు కదా? బీట్‌రూట్ కూడా.

కుండబిర్యానీ
బీట్‌రూట్ రంగే తప్ప రక్తం కాదు. పైగా మూత్రం ఎర్రబడితే రాజన్న పరీక్ష దండగైపోతుంది. కోడి కాలేయం రోజుకి 20–30 గ్రాములు ఉడికించి వాసన కోసం కలపొచ్చు, అంతకు మించితే విటమిన్ ఎ ఎక్కువవుతుంది. ఐరన్ టానిక్కు సంగతికొస్తే, బాబీసియాలో ఎర్ర కణం ఒంటి లోపలే పగులుతుంది, ఇనుము ఎక్కడికీ పోదు, మళ్లీ వాడుకుంటుంది. ముక్కులోంచి, పేగులోంచి బాగా రక్తం పోయినప్పుడే ఇనుము లోటు. అది కూడా డాక్సీకి ఎడంగా.

ఆకుపసరు
గోమార్లకి మాత్రం నాటువైద్యమే. కిరోసిన్‌లో కర్పూరం కలిపి రుద్దితే గంటలో రాలిపోతాయి.

మూడు_పిల్లులు
గోమార్లతోపాటు కుక్క కూడా రాలిపోతుంది. కర్పూరం నాకితే ఫిట్స్, కిరోసిన్ చర్మాన్ని కాల్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అగ్గిపుల్లతో కాల్చడం కూడా అంతే. దాన్ని రేపితే కడుపులోదంతా గాయంలోకి కక్కుతుంది. సన్న మూతి పట్టకారుతో చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టుకుని, తిప్పకుండా తిన్నగా పైకి లాగాలి. గోళ్ల మధ్య చిదమొద్దు. సబ్బు నీళ్ల సీసాలో వేసి మూత పెట్టండి.

రాజేంద్రనగర్_రాజన్న
ఏరుడు మంచిదే కని ఏరుడుతోటి తీరదు. కుక్క మీద కనపడేటివి మొత్తం సంతతిల పిడికెడే. మిగతావన్నీ గోడ పగుళ్లల్ల, మంచం కోళ్లల్ల, తలుపు చౌకట్టు వెనక ఉంటయ్. ఈ గోధుమ రంగు గోమారికి మూడు మజిలీలు. ఆరు కాళ్ల పిల్ల ఎక్కి నాలుగైదు దినాలు తాగి దిగుతది, చర్మం విడిచి ఎనిమిది కాళ్లదై మళ్ల ఎక్కుతది, దిగుతది, పెద్దదై మూడోసారి ఎక్కుతది. ఆముదం గింజంత ఉబ్బిన ఆడది దిగి గోడ ఎక్కి పైకి పోయి వేల గుడ్లు పెడ్తది. అవును, పైకే. చాలామంది నేల కడుగుతరు, సీలింగు మూల చూడరు. మన ఎండకి మొత్తం చక్రం రెండు మూడు నెలలు. తిండి లేక కూడ నెలలకొద్ది బతుకుతది, ఆ ఇల్లు ఖాళీ చేసి పోయినా వచ్చే కిరాయిదారు కుక్క కోసం కూసుంటది.

కారప్పూస
అద్దె కట్టని అద్దెదారు.

సీమ_సుబ్బులు
గోమారి అనేది మీ పక్క మాట. మా తట్టు ఉణ్ణి అంటాం, పుస్తకాల్లో పిడుదు. పేరు ఏదైనా రక్తం ఒకటే.

బెజవాడ_బుజ్జమ్మ
మరి దాని ఒంటికేం వేయాలి? నమిలే బిళ్ల అని ఒకటుందట.

స్లైడ్_బాబాయ్
ఫ్లూరలానర్. 10 నుంచి 20 కిలోల కుక్కకి 500 మి.గ్రా. బిళ్ల, 12 వారాలు పనిచేస్తుంది. అఫోక్సోలానర్ అయితే నెలకొకటి. కానీ ఫ్లూరలానర్ తిండితోపాటే వేయాలి. ఖాళీ కడుపున వేస్తే ఒంటికి తక్కువ పడుతుంది. కాబట్టి రెండు పూటలు సరిగ్గా తిన్నాకే వేయండి. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే డాక్టర్‌కి చెప్పాలి, ఆ జాతి మందులన్నిటికీ ఆ జాగ్రత్త ఉంది.

ఇంకోటి గుర్తుంచుకోండి. బిళ్ల గోమారిని రానివ్వకుండా ఆపదు, కుట్టాకే చంపుతుంది, అదీ కొన్ని గంటలకి. ఎర్లీకియా మాత్రం అంటుకున్న మూడు గంటలకే ఒంట్లోకి దిగడం మొదలెట్టగలదు. అందుకే ఇంటిని కూడా శుభ్రం చేయాలి, లేదా దగ్గరికి రానివ్వని మందున్న మెడపట్టీ కలపాలి (ప్లేట్‌లెట్లు లేచాక, వదులుగా).

తినేవరకు ఆగడానికి ఫిప్రోనిల్ 0.25 శాతం స్ప్రే. పొట్టి వెంట్రుకలకి కిలోకి 3 మి.లీ. చొప్పున 42 మి.లీ. 250 మి.లీ. సీసా ఒక్కో నొక్కుకి 1.5 మి.లీ. వదులుతుంది, అంటే 28 నొక్కులు. జనం పైపైన నాలుగు నొక్కులు నొక్కి మందు పనిచేయలేదంటారు. వెంట్రుకలకి ఎదురు దువ్వుతూ చర్మం తడిసేలా కొట్టాలి, చేతికి గ్లవ్స్. మొహానికి నేరుగా కొట్టకుండా గ్లవ్స్ మీద వేసి రాయాలి. ఆరేదాకా పొయ్యి, అగరొత్తి దగ్గరికి వద్దు, అంటుకుంటుంది. ముందు వెనక రెండు రోజులు స్నానం లేదు.

మూడు_పిల్లులు
ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ ఉన్న ఏ కుక్క మందూ తేవద్దు. రాసిన కుక్కని పిల్లి నాకినా ప్రమాదమే.

గోదారి_గట్టు
ఇంటికి డెల్టామెత్రిన్ అనే పురుగుమందు కొట్టడమే. సీసా మీద పశువు ఒంటికి ఒక కొలత, గోడలకి ఒక కొలత వేరేగా ఉంటుంది, చదివి కలపండి. ముందు పగుళ్లన్నీ తెల్ల సిమెంటుతో పూడ్చి, పక్కబట్టలు మరిగే నీళ్లలో నానబెట్టి ఎండలో ఆరేయండి. అప్పుడు చౌకట్లు, మెట్ల కింద, సీలింగు అంచులు, మొక్కల కుండీల అడుగు. కుక్క, పిల్లి, పిల్లలు బయట, ఆరాకే లోపలికి. అక్వేరియం ఉంటే పైన కప్పి గాలి మోటారు ఆపండి, చేపలకి ఈ మందు చుక్క చాలు. గుడ్ల మీద మందు పనిచేయదు కాబట్టి మూడు వారాలకోసారి, మూడుసార్లు.

ఆకుపసరు
వెల్డింగ్ గ్యాస్ మంటతో గోడ పగుళ్లు కాలిస్తే గుడ్లు కూడా పోతాయి కదా? ఇది నాటువైద్యం కాదు.

గోదారి_గట్టు
ఖాళీ రాతి షెడ్డులో అయితే సరే. చెక్క చౌకట్టు, వైరింగ్ ఉన్న ఇంట్లో ఆ పని పెట్టుకోకండి.

బెజవాడ_బుజ్జమ్మ
స్లైడ్ వచ్చింది. బాబీసియా లేదు, ప్లేట్‌లెట్లు ఫీల్డుకి రెండు మూడు. వాంతి మందు వేశాక నిన్న రాత్రి మూడో వంతు చికెనన్నం తిన్నది. రెండో రోజుకి జ్వరం 102.8. పాపకి ఎనిమిదేళ్లు, కుక్క పక్కనే పడుకుంటుంది. మనుషులకి అంటుతుందా?

స్లైడ్_బాబాయ్
కుక్క నుంచి నేరుగా అంటదు. కానీ ఆ గోమారి మనిషినీ కుడుతుంది, దానిలో ఇంకో జాతి సూక్ష్మజీవి ఉంటే మన దేశంలో టిక్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. పాపకి జ్వరం, అరచేతుల్లో అరికాళ్లలో దద్దుర్లు వస్తే గోమార్ల సంగతి డాక్టర్‌కి నోరు తెరిచి చెప్పండి. గోమార్లు తగ్గేదాకా పాప పక్క వేరు. కుక్క తలగడ దగ్గర కాసేపు కూర్చుంటే చాలు. అలవాటైన మనిషి చేత్తో పెడితే తినే కుక్కలు చాలా.

కారప్పూస
24–48 గంటల్లో జ్వరం దిగడం మంచి గుర్తు. దిగకపోయుంటే రాజన్న చెప్పిన బాబీసియా కోసం మళ్లీ వెతకాల్సి వచ్చేది. అన్నట్టు రాజన్నా, బాబీసియా దొరికితే దానికి వేసే బెరెనిల్ మందు ఒక్క సూదితో సరిపోతుందా?

రాజేంద్రనగర్_రాజన్న
పెద్ద రకం బాబీసియాకైతే కిలోకి 3.5 మి.గ్రా. ఒక్కసారి. రెండోసారి వెంటనే పొడిస్తే మెదడు మీద కొడ్తది. చిన్న రకం, గిబ్సోనీ, మన దిక్కు బాగనే ఉంది, అది బెరెనిల్‌కు సరిగ లొంగదు. అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ జంట పది దినాలు, అటోవాక్వోన్ కొవ్వున్న తిండితోనే. ధర వింటే కండ్లు తిరుగుతయ్. అందుకే ఏ రకమో స్లైడుల అడగాలె, ఊరికె "బాబీసియా" అంటే సరిపోదు.

బెజవాడ_బుజ్జమ్మ
12వ రోజు. ప్లేట్‌లెట్లు 1 లక్షా 60 వేలు. పూర్తిగా తింటోంది, తలుపు దగ్గర కాపలా కూడా మొదలైంది. మందు కడుపుకి వేడి చేస్తుందని ఇంట్లో ఆపేయమంటున్నారు. మళ్లీ కిట్ టెస్ట్ చేయించి నెగటివ్ వస్తే ఆపేయనా?

స్లైడ్_బాబాయ్
రెండూ వద్దు. ఆ కిట్టు చూసేది బాక్టీరియాని కాదు, దాని మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలని. జబ్బు పోయాక కూడా నెలలు, ఒక్కోసారి ఏళ్లు పాజిటివ్‌గానే ఉంటుంది. మధ్యలో ఆపితే జబ్బు లోలోపల దాక్కుని నెలల తర్వాత ఎముక మజ్జని పట్టే రకంగా లేస్తుంది, దాన్ని తిప్పడం చాలా కష్టం. 28 పూర్తి చేయండి. ఆ తర్వాత వారానికి రక్తకణాల లెక్క, మూడు నెలలకి ఇంకోసారి.

సీమ_సుబ్బులు
వీధి నుంచి తెచ్చుకునేవాళ్లకి ఒక మాట. కుక్క చూడ్డానికి దుక్కలా ఉన్నా, టీకాలతోపాటు మొదటి వారంలోనే ఒక రక్త లెక్క చేయించండి. ఎర్లీకియా లోపల నిద్రపోయే దశలో చాలాసార్లు కనబడే గుర్తు తగ్గిన ప్లేట్‌లెట్లే. ఆపరేషన్ బల్ల మీద తెలిస్తే ఆలస్యం.

గోదారి_గట్టు
@బెజవాడ_బుజ్జమ్మ మొదటి స్ప్రే ఏ తారీఖున కొట్టారు? రెండోది దగ్గర పడుతుంది.

బెజవాడ_బుజ్జమ్మ
3న కొట్టించాను, రెండోది 24న. ఈసారి సీలింగు మూలలు కూడా. నిచ్చెన వెతుకుతున్నాం.